బావ లెన్సులో నడిమి గాజు

మా గదిలో రెండు బల్లలు. కిటికీ పక్కది అతనిది, గోడ పక్కది నాది. నేను కెమెరా షట్టర్లు బాగుచేస్తాను. స్ప్రింగులు, పళ్ళచక్రాలు, ఎండి గట్టిపడిన గ్రీజు, అదీ నా లోకం. అతను గాజు చూస్తాడు. ఇరవై రెండేళ్ళుగా ఒకే ఫ్యాను కింద కూర్చుంటున్నాం. అందరూ అతన్ని టార్చి అంటారు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట బొటనవేలంత టార్చిలైటు ఉంటుంది కాబట్టి ఆ పేరు. అసలు పేరు పెట్టి ఎవరైనా పిలిస్తే, పిలిచింది తననేనా అని ఒక క్షణం ఆలోచిస్తాడు.

పాత కెమెరాల లెన్సులు అతని దగ్గరికొస్తాయి. లోపల ఏదో ఉందంటారు తెచ్చినవాళ్ళు. అదేమిటో, ఫొటోకి అడ్డమో కాదో, విప్పితే పోతుందో ఇంకా పాడవుతుందో అతను చెప్పాలి. విప్పడం తర్వాతి సంగతి. ముందు చూడాలి. మొదట లెన్సుని ఆకాశం వైపు పెట్టి ఊరికే చూస్తాడు. గీతలు, బుడగలు అప్పుడు దొరుకుతాయి. తర్వాత వెనకనుంచి టార్చి వేసి, వెలుగు సూటిగా కంట్లో పడకుండా లెన్సుని కాస్త వంచుతాడు. పొగ పట్టినట్టుండే మసక, సాలెదారాల్లా పాకే బూజు అప్పుడు గానీ బయటపడవు. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. టార్చి ఇంకోటి చేస్తాడు. లెన్సుని ట్యూబులైటు కింద పట్టుకుని, లోపలి గాజుల మీద ఆ లైటు ప్రతిబింబాలు ఎన్నున్నాయో లెక్కపెడతాడు. ఒక్కో గాజుకి రెండు ముఖాలు, ముఖానికో బింబం. రెండు గాజుల్ని జిగురుతో అతికించిన చోట బింబం పలచగా, ఉందా లేదా అన్నట్టుంటుంది. అక్కడ జిగురు విడిపోయిందంటే, నీళ్ళలో నూనె చుక్క పరుచుకున్నట్టు రంగులు తేలతాయి.

చూశాక చెప్పేది ఒక్క వాక్యం. "మసకే, పోతుంది." "బూజు గాజుని తినేసింది, తుడిచినా మచ్చ ఉంటుంది." "ఏమీ లేదు, వెళ్ళి ఫొటోలు తీసుకోండి."

ఒకసారి ఒక పళ్ళడాక్టరు లెన్సుని దూదిలో చుట్టి తెచ్చాడు.

"లోపల ఏదో పురుగు గుడ్డు పెట్టిందండీ."

టార్చి చూశాడు. "పెట్టలేదండీ. అది బుడగ. గాజు కరిగించిన రోజునే పుట్టింది. వయసులో మీకంటే పెద్దది."

"తీసెయ్యడం కుదరదా?"

"ఎందుకు కుదరదూ? బుడగతో పాటు దాని చుట్టూ ఉన్న గాజు కూడా తీసెయ్యాలి, అంతే."

డాక్టరు నవ్వలేదు. నేను నవ్వాపుకోలేక స్క్రూ కింద పడేసుకుని అరగంట వెతుక్కున్నాను.

టార్చి ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. నేనూ అంతే. అతను మొదట కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోతే, పదకొండేళ్ళు పెద్దదైన అక్క పెంచింది. పెళ్ళయి అత్తారింటికి వెళ్ళేటప్పుడు తమ్ముణ్ణి కూడా చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళింది. బావ ఒక్క మాటా అనలేదట. "పెట్టెలు ఎన్ని అని అడిగాను గానీ మనుషులు ఎంతమంది అని అడగలేదుగా, తప్పు నాదే" అని మాత్రం జోకేసేవాడట.

ఆ బావ ఫొటోగ్రాఫరు. వీధి మూలలో ఒకే గది స్టూడియో, నల్ల తెర, పెద్ద కిటికీ, స్టాండు మీద చెక్క కెమెరా. దానికి ఒకే ఒక్క లెన్సు. ఆ చుట్టుపక్కల గోడకెక్కిన మొహాల్లో సగానికి పైగా బావ తీసినవే. అతని నలభై రెండో ఏట కళ్ళు దెబ్బతిన్నాయి. నల్లగుడ్డ కప్పుకుని, కెమెరా వెనక ఉండే గరుకు గాజు మీద బొమ్మ చూసుకుంటూ ఫోకసు తిప్పితే, ఎంత తిప్పినా బొమ్మ ఒకచోట నిలబడటం మానేసింది. కళ్ళజోడు మూడుసార్లు మార్చాడు. కళ్ళడాక్టరు "మీ వయసుకి ఇంతకంటే మంచి కళ్ళు ఉండవు" అంటే, వాడికేం తెలుసని తిట్టుకుంటూ వచ్చాడు. చివరికి ఒక పెద్ద బడి హెడ్‌మిస్ట్రెస్ రిటైరవుతూ తీయించుకున్న ఫొటోలో ఆవిడ మొహం పాలలో ముంచి తీసినట్టు వచ్చింది. ఆ వారమే స్టూడియో మూసేశాడు. తర్వాత పదహారేళ్ళు బస్సు డిపోలో, జనం బస్సుల్లో మరిచిపోయిన సామాన్ల కౌంటరు దగ్గర కూర్చున్నాడు. గొడుగులు, చెప్పులు, ఒకసారి కట్టుడు పళ్ళు.

ఇదంతా టార్చి చాలాసార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ఒక మాట కలిపేవాడు. "నేను విప్పిన మొదటి లెన్సు బావదేనోయ్. లోపల మసక పడితే తుడిచిచ్చాను. అప్పుడు నాకు ఇరవయ్యారు." ఆ మాటలో గర్వం ఉండేది. ఉండొద్దా మరి.

పోయినేడు వానాకాలం మొదట్లో ఒక ఉదయం అక్క మా మెట్లెక్కి వచ్చింది. డెబ్బయ్యొక్క ఏళ్ళ మనిషి. రెండో అంతస్తుకి వచ్చేసరికి ఆయాసపడుతోంది. చేతిలో గుడ్డసంచి.

"ఒరేయ్, ఈ మెట్లు కట్టినవాడు ఎవడురా? వాడి అక్కని ఎక్కమనాలి."

"ఫోన్ చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదక్కా."

"ఆయనకి తెలియకుండా రావాలనే వచ్చాను." సంచి బల్ల మీద పెట్టింది. "ఇల్లు ఖాళీ చేస్తున్నాం. అమ్మాయి వాళ్ళింట్లో రెండు గదులే. ఇది పారెయ్యమన్నారు మీ బావ. నాకు చేతులు రాలేదు. మనవరాలు ఫొటోలు నేర్చుకుంటోందిగా, దానికిద్దామని. పనికొస్తుందో లేదో చూడు."

పాత చొక్కా ముక్కలో చుట్టిన ఇత్తడి లెన్సు. ముప్పై నాలుగేళ్ళు బీరువాలో ఉంది.

టార్చి లెన్సుని కిటికీ వైపు పెట్టి చూశాడు. "గీతల్లేవు." టార్చి వేసి వంచాడు. "అంచున కొంచెం బూజు. గాజులోకి దిగలేదు. నీ మనవరాలు అదృష్టవంతురాలు." అక్క మొహం విప్పారింది. నేను టీ తెప్పించాను. అక్క మా గదిలోని దుమ్ముని తిడుతూ టీ తాగింది.

టార్చి ట్యూబులైటు కింద నిలబడి బింబాలు లెక్కపెడుతున్నాడు. ఆ లెన్సులో విడివిడిగా మూడు గాజులు, కాబట్టి ఆరు బింబాలు. ఆరు వరకు లెక్కపెట్టడానికి ఎంతసేపు పడుతుంది? అక్క టీ అయిపోయింది. అతను ఇంకా అక్కడే ఉన్నాడు. తర్వాత అరలోంచి అదే రకం లెన్సు ఇంకొకటి తీసి, రెండు చేతుల్లో రెండూ పట్టుకుని, ఒకదాని తర్వాత ఒకటి వంచి చూశాడు.

"ఏరా, ఏమైంది?"

"ఏం లేదక్కా. బూజు తియ్యాలి. నాలుగు రోజులు ఉండనీ."

అక్క వెళ్ళాక చేతులు కడుక్కొచ్చి లెన్సు విప్పాడు. ఆ రకం లెన్సులో ముందూ వెనకా ఉండే గాజులు ఉబ్బుగా ఉంటాయి, నడిమిది రెండు పక్కలా గుంటగా ఉంటుంది. రెండు గుంటలూ చూడటానికి ఒక్కలాగే ఉంటాయి. కానీ ఒకటి వెంట్రుకవాసి లోతెక్కువ. ఆ లోతు పక్క వెనక్కి ఉండాలి. ఇందులో ముందుకి ఉంది.

లెన్సుని ఉన్నది ఉన్నట్టే బిగించి, మా పరీక్ష కెమెరాకి తగిలించి, ఎదురు గోడ మీద వార్తాపత్రిక అంటించాడు. వెలుగు వచ్చే రంధ్రాన్ని చిన్నదీ పెద్దదీ చేసే లెన్సు రెక్కలు పూర్తిగా తెరిచాడు. "చూడు" అన్నాడు. నల్లగుడ్డ కిందకి దూరాను. గరుకు గాజు మీద అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి, అది మామూలే. కానీ ఫోకసు ఎటు తిప్పినా ప్రతి అక్షరం చుట్టూ తెల్లటి మసక. ఇదిగో వచ్చింది అనిపించి అంతలోనే జారిపోతోంది. ఇంకొంచెం తిప్పాను. మళ్ళీ వెనక్కి తిప్పాను. నా కళ్ళే నలుపుకున్నాను.

ఆ నలుపుకోవడంతో నాకు అర్థమైంది.

టార్చి నడిమి గాజు తిప్పి పెట్టాడు. మళ్ళీ చూశాను. అక్షరాలు సూదితో గీసినట్టున్నాయి.

"ఈ లెన్సుని నాకు ముందు ఎవరూ విప్పలేదు," అన్నాడు. "తర్వాతా విప్పలేదు."

అప్పుడు జరిగింది ఇది. కుట్టుమిషను పనిలో ఊడదీసింది ఊడదీసిన చోట పెడితే చాలు. ఏ ముక్కయినా తప్పు పక్కన పెడితే అసలు కూర్చోదు. గాజు అలా కాదు, ఎటు పెట్టినా కూర్చుంటుంది. తుడిచి బిగించాక పరీక్ష కూడా చేశాడు, పాపం. అక్కని మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టి, వెలుగు ఎక్కువని రెక్కలు బాగా మూసి, బావ చేత ఫొటో తీయించాడు. రంధ్రం చిన్నదైతే ఈ తప్పు దాక్కుంటుంది. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. బావ భుజం తట్టాడు. బావ పని మాత్రం ఎప్పుడూ గదిలో, కిటికీ వెలుగులో, రెక్కలు బార్లా తెరిచి. రెండు మూడు వారాల్లో కళ్ళు మసకబారుతున్నాయని మొదలెట్టాడు. లెన్సుని ఎవరూ అనుమానించలేదు. కొత్తగా తుడిచింది కదా.

ఆ తర్వాత ఏడాదికో రెండేళ్ళకో, వేరే ఎవరిదో లెన్సులో గాజు ఇలాగే తిరగబడి ఉంటే టార్చి దొరకబుచ్చుకున్నాడు. అప్పటినుంచి ఏ గాజునీ దాని చోటునుంచి తీసేముందు అంచున పెన్సిలుతో బాణం గుర్తు పెట్టకుండా ముట్టుకోలేదు. అన్ని వేల బాణాలు గీసిన మనిషికి, ఆ మొదటిదాని సంగతేమిటని ఒక్కసారీ తట్టలేదు.

"అన్నా, సరిచేసేశావుగా," అన్నాను. "బూజు తీశానని చెప్పి ఇచ్చెయ్. ఎప్పటి మాటో."

"ఆయన తనకి కళ్ళు లేవనుకుని పదహారేళ్ళు గొడుగులు అప్పగించాడోయ్."

"ఇప్పుడు చెబితే ఆ పదహారేళ్ళు వెనక్కొస్తాయా?"

"రావు. కానీ కళ్ళు బాగానే ఉండేవని తెలుస్తుంది. అదైనా ఆయనది ఆయనకి ఇచ్చెయ్యాలి కదా."

పనిచేసేవాడికి తన తప్పు కనిపించాక మూతేసి ఇచ్చెయ్యమని చెప్పే హక్కు నాకెక్కడిది?

ఆదివారం ఉదయం ఇద్దరం వెళ్ళాం. కెమెరా అతను పట్టుకున్నాడు, స్టాండు నేను మోశాను. ఇల్లంతా అట్టపెట్టెలు. బీరువా తలుపులు తెరిచి ఉన్నాయి, అరలు ఖాళీ. బావ కిటికీ దగ్గర కుర్చీలో రేడియో చెవి దగ్గర పెట్టుకుని ఉన్నాడు. డెబ్బయ్యారేళ్ళు. ఇప్పుడు కళ్ళు నిజంగానే పోయాయి. ఎదురుగా మనిషున్నాడని తెలుస్తుంది, మొహం తెలియదు.

"ఎవరూ? కుర్చీలు మోసేవాళ్ళా?"

"నేను బావా."

"నువ్వా! అయితే కుర్చీలు నువ్వే మొయ్యి. పక్కనెవరో ఉన్నారే?"

"షట్టర్లాయన."

"రండి, రండి. కూర్చోమనడానికి కుర్చీలు కట్టేశారు. పెట్టెల మీద కూర్చోండి, గాజుసామాన్లున్న పెట్టె మీద మాత్రం వద్దు. ఏది గాజుదో నాకు కనబడదు."

టార్చి కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. చుట్టూ తిప్పలేదు. లెన్సు సంగతి, నడిమి గాజు, తను తిరగేసి పెట్టడం, ఎండలో పరీక్ష. "నీ కళ్ళకి అప్పుడు ఏమీ కాలేదు బావా. లెన్సు చెడగొట్టింది నేను" అన్నాడు. వంటింటి గుమ్మంలో అక్క పాత పేపర్లలో గ్లాసులు చుడుతోంది. చుట్టడం ఆపింది.

బావ రేడియో కట్టేశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు.

"ఇదిగో, విన్నావా? మీ తమ్ముడు నాకు కళ్ళు తెచ్చాడు. ముప్పై నాలుగేళ్ళు ఆలస్యమైంది, బస్సు దొరకలేదేమో."

"బావా, నిజం చెబుతున్నాను."

"ఒరేయ్, నువ్వు తుడిచాక మీ అక్కని ఎండలో తీశాం, గుర్తుందా? వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టొచ్చు ఆ ఫొటోలో. గాజు తిరగబడితే అదెలా వచ్చింది మరి?"

"రెక్కలు మూశాం కాబట్టి వచ్చింది."

"నాకు ఫొటోగ్రఫీ చెబుతున్నాడండీ," అన్నాడు నా వైపు తిరిగి. గొంతు మెత్తబడింది. "కళ్ళు పోయింది నాకురా. పోయినవాడికి తెలియదా? నువ్వు నా మీద ప్రేమ కొద్దీ చెబుతున్నావు, అది నాకు తెలుసు. ముసలాడు ఇల్లు వదిలి వెళ్తున్నాడు, మనసు బాగుండాలని. అంతేనా?"

"అక్క చూసి చెబుతుంది," అన్నాడు టార్చి. "అక్కా, ఇలా రా. నువ్వే చూడు."

అక్కకి ఫొటోలు కొత్త కాదు. స్టూడియో ఉన్నన్నాళ్ళూ ప్రింట్లు కడిగి ఆరేసింది తనే. మసక ప్రింటుకీ మంచి ప్రింటుకీ తేడా చీకటిగదిలో ఎర్రదీపం కింద పట్టేసేది. టార్చి గోడ మీది క్యాలెండరు వైపు కెమెరా పెట్టాడు. అక్క కొంగుతో చేతులు తుడుచుకుని నల్లగుడ్డ కప్పుకుంది. కాసేపు చూసి బయటికి వచ్చింది.

"ఇది సరిగ్గా ఉన్నది," అన్నాడు టార్చి. "ఇప్పుడు అప్పట్లాగా పెడతాను."

పెట్టె మీద గుడ్డ పరిచి, లెన్సు విప్పి, నడిమి గాజు తిరగేసి బిగించాడు. అయిదు నిమిషాలు పట్టింది. బావ కుర్చీ చేతి మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు గానీ, ఆ తాళం అప్పుడప్పుడూ తప్పుతోంది. నవ్వినా సరే, వింటున్నాడు.

అక్క మళ్ళీ గుడ్డ కిందకి వెళ్ళింది. ఈసారి చాలాసేపు ఉంది. ఫోకసు మరని ముందుకీ వెనక్కీ తిప్పుతున్న చప్పుడు. ఇంకో చెయ్యి స్టాండు కాలుని పట్టుకుని ఉంది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి ఆ వేళ్ళు ఎంత గట్టిగా పట్టుకున్నాయో చూశాను. తర్వాత తిప్పడం ఆగింది. ఆగాక కూడా వెంటనే రాలేదు.

"ఏమంటోంది నీ కెమెరా?" అన్నాడు బావ.

అక్క గుడ్డ తీసి, దాన్ని నాలుగు మడతలు పెట్టింది.

"రెండూ ఒక్కలాగే ఉన్నాయిరా," అంది. "నాకేం తేడా తెలియలేదు."

"చెప్పానా!" బావ కుర్చీ చేతి మీద చరిచాడు. "చెప్పానా లేదా? ఒరేయ్, మనసు వెన్నరా నీది. అబద్ధం మాత్రం చేతకాదు. టీ ఇవ్వవే వీడికి, ఇంత దూరం నా కళ్ళు మోసుకొచ్చాడు."

టార్చి అక్క మొహం వైపు చూశాడు. అక్క టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

మేం బయల్దేరితే వీధి దాకా వచ్చింది. వాన తుంపర పడుతోంది. గొడుగు తేలేదు.

"ఆ హెడ్‌మిస్ట్రెస్ ఫొటో ఆరేసింది నేనే," అంది. "చూసి, ఇంక చాలండీ, నలుగురూ నవ్వకముందే ఆపేద్దాం అన్నది కూడా నేనే. ఆయన ఎదురు చెప్పలేదు. తెర విప్పి మడతపెట్టారు."

"నువ్వేం చేస్తావక్కా. తప్పు నాది."

"అంత బాగా కనబడేదా రా అందులోంచి? మొదట్లో?"

"కనబడేదక్కా."

అక్క తల ఊపింది. "ఈ వయసులో ఆ మాట ఆయనకిస్తే, దాన్ని పెట్టుకుని ఏం చేస్తారురా? ఎక్కడ కూర్చుంటారు? కళ్ళు పోయాయనుకుంటే దేవుణ్ణి తిట్టుకుని పడుకుంటారు. ఇది తెలిస్తే నన్నూ నిన్నూ తిట్టలేక నిద్రపోరు." కొంగు నెత్తి మీదికి లాక్కుని అంది, "నువ్వు చెప్పేసి నీ బరువు దించుకున్నావు. అది ఎక్కడ పడుతుందో చూడలేదు. కొన్నాళ్ళు రాకు."

గదికొచ్చాక టార్చి నడిమి గాజు మళ్ళీ సరిగ్గా తిప్పి బిగించాడు. లెన్సుని మనవరాలికి నా చేత పంపించాడు. ఆ అమ్మాయి దాంతో బాగానే తీస్తోంది.

నాలుగు నెలలు అతను అక్కా వాళ్ళింటికి వెళ్ళలేదు. పని మానలేదు. కానీ చెప్పే ఆ ఒక్క వాక్యానికి ముందు ఎప్పుడూ లేనంతసేపు ఆగేవాడు. తెచ్చినవాళ్ళు కంగారుపడేవాళ్ళు. తర్వాత బావే ఫోన్ చేసి, "ఏరా, నిజంగానే కళ్ళు తెమ్మంటే పారిపోయావేం?" అని పిలిచాడు. అప్పటినుంచి ఆదివారం ఆదివారం వెళ్తున్నాడు. నేను కూడా రెండుసార్లు వెళ్ళాను. అమ్మాయి వాళ్ళిల్లు చిన్నది, వచ్చేపోయేవాళ్ళు ఎక్కువ. ఎవరొచ్చినా బావ కుర్చీలో ముందుకి వంగి మొదలుపెడతాడు. తన కళ్ళు ఎలా పోయాయో, స్టూడియో ఎలా మూశాడో చెబుతాడు.

"వీడున్నాడే, నా బావమరిది. గాజుపనిలో వీడి మాటకి తిరుగులేదు. అలాంటివాడు, నా మనసు బాగుండాలని, ఆ లెన్సు తనే పాడుచేశానని నెత్తినేసుకున్నాడండీ. ఈ రోజుల్లో ఎవరు చేస్తారు? సొంత తమ్ముడు చేస్తాడా?"

వచ్చినవాళ్ళు టార్చి వైపు మెచ్చుకోలుగా చూస్తారు. ఆ మాటలు మొదలవ్వగానే అక్క ఏదో పనుందని లోపలికి వెళ్ళిపోతుంది. అవి అయ్యేదాకా రాదు.

"అంతేనా కాదా రా?" అంటాడు బావ.

టార్చి అవునంటాడు. మొదట్లో ఒకసారి మాట్లాడకుండా ఊరుకున్నాడట. వినబడలేదనుకుని, బావ మళ్ళీ మొదటినుంచి చెప్పాడు.